ఐదు రకాల డేటాబేస్‌లు, ఒకే రిపోర్టు: లెక్క ఎక్కడ తప్పుతుంది

ఓ మోస్తరు వ్యాపార సంస్థను తీసుకోండి. అకౌంట్స్ ఒరాకిల్‌లో ఉంటాయి. షోరూముల బిల్లింగ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద నడుస్తుంది. వెబ్‌సైటు కట్టినవాళ్లు మైఎస్‌క్యూఎల్ పెట్టారు, తర్వాత వచ్చిన యాప్ టీమ్ మాంగోడీబీ పట్టుకుంది. సప్లయర్లు ఎక్సెల్ ఫైళ్లు మెయిల్ చేస్తారు. ఇవన్నీ పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఒక వేర్‌హౌస్‌కి, అంటే రిపోర్టుల కోసం డేటా అంతా పోగుచేసే చోటికి, చేర్చి, "మన కస్టమర్లు మొత్తం ఎంతమంది? నిన్నటి అమ్మకం ఎంత?" అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ పోస్టంతా ఈ అమరిక గురించే.

కనెక్టర్లు దొరకడం ఇప్పుడు సమస్యే కాదు, ఒక పూటలో అన్నింటికీ కనెక్షన్ వచ్చేస్తుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయే లోడ్ (డేటాను వేర్‌హౌస్‌లోకి ఎక్కించే పని) కూడా పెద్ద సమస్య కాదు, ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. భయపడాల్సింది జాబ్ సక్సెస్ అని చూపిస్తూ తప్పు అంకె ఇచ్చే లోడ్‌కి. ఇలాంటి తప్పులు పుట్టే చోట్లు కొన్నే ఉన్నాయి, ఏళ్ల తరబడి అవే.

తెచ్చుకోవడమా, ఉన్నచోటే చదవడమా

ట్రైనో లాంటి ఇంజిన్ (వేర్వేరు డేటాబేస్‌లను ఒకే చోటి నుంచి అడిగే సాఫ్ట్‌వేర్) పెడితే డేటాను కదపకుండానే ఒకే క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ఒకే ప్రశ్నలో, ఒరాకిల్ టేబుల్‌నీ మాంగో కలెక్షన్‌నీ (మాంగోలో టేబుల్ లాంటిది) జాయిన్ చెయ్యొచ్చు, అంటే ఒకే కీ మీద రోలు కలపొచ్చు. 2012లో ఫేస్‌బుక్‌లో మొదలైన ప్రెస్టో నుంచి చీలి, 2020 చివర్లో ట్రైనో అని పేరు పెట్టుకున్నది ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో ఇదే పనికి ఫారిన్ డేటా రాపర్లున్నాయి, అవి వేరే డేటాబేస్ టేబుల్‌ని ఇక్కడిదే అన్నట్టు చూపిస్తాయి. ఎక్కడ ఏముందో తిరగేసి చూడటానికి, చిన్న చిన్న మాస్టర్ టేబుళ్లు అడగడానికి ఇవి చాలా బాగుంటాయి. రోజువారీ రిపోర్టులకు మాత్రం వద్దంటాను.

ఎందుకంటే ఫిల్టర్ అవతలి డేటాబేస్‌లో నడుస్తుందా, లేక టేబుల్ మొత్తం ఇవతలికి వచ్చాక నడుస్తుందా అన్నది మన చేతిలో ఉండదు. ట్రైనో మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ టెక్స్ట్ కాలమ్ మీద పెట్టిన షరతును అవతలికి పంపదు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఇంగ్లిష్ పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ తేడా చూడదు, ట్రైనో చూస్తుంది. రెండింటి జవాబు ఒకటి కాకపోవచ్చు కాబట్టి ఆ జాగ్రత్త సబబే. కానీ మొబైల్ నంబరును టెక్స్ట్‌గా దాచిన టేబుల్‌లో ఒక్క నంబరు కోసం అడిగినా, రెండు కోట్ల రోలూ నెట్‌వర్క్ మీదుగా దిగుతాయి. ఏ క్వెరీనైనా ముందు ఎక్స్‌ప్లెయిన్‌తో (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే కమాండ్) చూసి, షరతు ఎక్కడ పడుతోందో కనుక్కున్నాకే నడపాలి. పోస్ట్‌గ్రెస్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి రాపర్ వాడితే ఇంకో చిన్న మెలిక ఉంది: డిఫాల్ట్‌గా విడతకు 100 రోలే తెస్తుంది. ఫెచ్ సైజును 10,000కి పెంచితే పెద్ద టేబుళ్ల మీద తేడా వెంటనే కనిపిస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఉన్నచోటే చదివితే నిన్నటి జవాబు ఇవాళ మళ్లీ రాదు. సోర్సులో ఎవరో పాత బిల్లు దిద్దుతారు, పోయిన నెల రిపోర్టు మారిపోతుంది, ఎందుకు మారిందో చెప్పడానికి మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అందుకే తెచ్చుకోవాలి, తెచ్చినదాన్ని తెచ్చినట్టే ఒక రా (ముడి) లేయర్‌లో ఉంచాలి. ప్రతి రోకీ సోర్స్ పేరు, బ్యాచ్ నంబరు, లోడ్ అయిన సమయం, ఈ మూడు కాలమ్‌లు చేర్చడం తప్ప అక్కడ ఏ దిద్దుబాటూ చెయ్యకూడదు. స్పేసులు తీసెయ్యడం, తేదీ మార్చడం, పేరు సరిచెయ్యడం అన్నీ తర్వాతి లేయర్‌లోనే. తెచ్చే స్క్రిప్టులోనే శుభ్రం చేసేస్తే, రేపు ఆ శుభ్రం చేసిన పద్ధతే తప్పని తేలినప్పుడు వెనక్కి వెళ్లే దారి ఉండదు.

మారినవాటిని పట్టుకోవడం

చిన్న టేబుళ్లను రోజూ మొత్తంగా తెచ్చెయ్యండి. లక్ష, రెండు లక్షల రోల కోసం తెలివితేటలు ఖర్చు చెయ్యడం దండగ.

పెద్ద టేబుళ్లకు అందరూ మొదట పట్టుకునేది "అప్‌డేటెడ్ ఎట్" కాలమ్. కిందటిసారి చూసిన గరిష్ఠ సమయం గుర్తు పెట్టుకుని, దానికంటే కొత్తవి తేవడం. ఇందులోని కన్నం చాలామందికి కనిపించదు. బిల్లింగ్‌లో ఒక ట్రాన్సాక్షన్ 10:00:00కి మొదలైంది. రోలో అప్‌డేట్ సమయం 10:00:00 అని పడింది. కానీ అది కమిట్ అయ్యేసరికి (మార్పు ఖాయమై ఇతరులకు కనిపించేసరికి) 10:04 అయింది. మధ్యలో 10:02కి మన జాబ్ నడిచింది. దానికి కమిట్ కాని రో కనిపించదు, వేరే రోల్లో గరిష్ఠంగా ఉన్న 10:01:50ని గుర్తు పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి జాబ్ 10:01:50 తర్వాతివే అడుగుతుంది. 10:00:00 నాటి బిల్లు ఇక ఎప్పటికీ రాదు. రోజుకి ఒకటో రెండో ఇలా జారిపోతాయి, ఏ ఎర్రరూ ఉండదు. వరుసగా పెరిగే ఐడీ నంబరు వాడినా ఇదే కథ, నంబరు ముందు కేటాయిస్తారు, కమిట్ తర్వాత జరుగుతుంది.

మందు తేలికే. ప్రతిసారీ గుర్తు పెట్టుకున్న సమయం కంటే కొంత వెనక్కి వెళ్లి తేవాలి. ఎంత వెనక్కి అంటే, ఆ సోర్సులో అతి పొడుగైన ట్రాన్సాక్షన్ ఎంతసేపు నడుస్తుందో దానికి రెట్టింపు. రాత్రి బ్యాచ్ ఇరవై నిమిషాలు నడిస్తే నలభై నిమిషాలు. అలా తెస్తే అవే రోలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి లోడ్ ఇన్సర్ట్ కాకూడదు, సోర్స్ పేరూ సోర్స్ ఐడీ కలిపిన కీ మీద మెర్జ్ (ఉంటే దిద్దడం, లేకపోతే చేర్చడం) కావాలి. ఒకే బ్యాచ్‌ని వరుసగా రెండుసార్లు నడిపి చూడండి. అంకెలు కదిలితే ఆ లోడ్ ప్రొడక్షన్‌కి పనికిరాదు.

ఈ పద్ధతి పట్టుకోలేనివి రెండు. ఒకటి, డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) నేరుగా అప్‌డేట్ కమాండ్ కొట్టి, సమయం కాలమ్‌ని ముట్టుకోకపోతే ఆ మార్పు మనకు తెలీదు. రెండు, డిలీట్. లేని రోని ఏ క్వెరీ తెస్తుంది? వారానికోసారి సోర్సులోని కీలు మాత్రం మొత్తంగా తెచ్చి, మన దగ్గరున్నవాటితో పోల్చి, అక్కడ లేనివాటికి డిలీట్ గుర్తు పెట్టాలి. నిజంగా తీసెయ్యొద్దు.

ఇవేవీ వద్దనుకుంటే లాగ్ (డేటాబేస్ ప్రతి మార్పునూ రాసుకునే చిట్టా) చదవాలి. డెబీజియం (లాగ్ చదివే సాఫ్ట్‌వేర్), కాఫ్కా (ఆ మార్పులను చేరవేసేది) జోడీ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది దీనికే. డిలీట్లూ, డీబీఏ చేతిమార్పులూ అన్నీ దొరుకుతాయి. కానీ ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో తిక్క ఉంది.

సోర్స్ పోస్ట్‌గ్రెస్ అయితే రెప్లికేషన్ స్లాట్ (మనం లాగ్ ఎక్కడిదాకా చదివామో సోర్సు గుర్తుంచుకునే ఏర్పాటు) పెట్టాలి. మన కన్స్యూమర్ (లాగ్ చదివే ప్రోగ్రామ్) ఆగిపోతే, అది చదివేదాకా స్లాట్ పాత లాగ్‌ను తీసెయ్యనివ్వదు. డిస్కు నిండుతుంది, చివరికి వాళ్ల ప్రొడక్షనే పడిపోతుంది. వెర్షన్ 13 నుంచి స్లాట్ ఎంత లాగ్ పట్టి ఉంచవచ్చో పరిమితి పెట్టే సెట్టింగ్ వచ్చింది, కానీ డిఫాల్ట్‌గా పరిమితి లేదనే ఉంటుంది. అది పెట్టకుండా స్లాట్ తెరవొద్దు. పెద్ద టెక్స్ట్ కాలమ్‌ల సంగతి ఇంకోటి: అప్‌డేట్‌లో అవి మారకపోతే లాగ్‌లో వాటి విలువే రాదు. డెబీజియం ఆ చోట "విలువ అందుబాటులో లేదు" అనే అర్థం వచ్చే గుర్తు పదం పెడుతుంది. దాన్ని గమనించకుండా మెర్జ్ చేస్తే కస్టమర్ అడ్రసుల స్థానంలో ఆ పదమే కూర్చుంటుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ తన మార్పుల చిట్టాను డిఫాల్ట్‌గా మూడు రోజులే ఉంచుతుంది. భోగి ముందురోజు రాత్రి జాబ్ పడిపోయి, కనుమ దాటాక ఎవరైనా చూస్తే చిట్టా పోయి ఉంటుంది, మొత్తం టేబుల్ మళ్లీ తేవాలి. పది రోజులకు పెంచమని మొదటే అడగండి. టేబుల్‌లో కొత్త కాలమ్ చేర్చినా ఆ చిట్టాలోకి అది దానంతటది రాదని కూడా గుర్తుంచుకోండి. కొత్త క్యాప్చర్ ఇన్‌స్టెన్స్ (ఆ టేబుల్ మార్పుల చిట్టా) తెరవాలి, ఒక టేబుల్‌కి రెండే అనుమతిస్తుంది.

మాంగోలో డిలీట్ జరిగితే ఐడీ మాత్రమే వస్తుంది, లోపలేముందో రాదు. డిలీట్‌కి ముందున్న రూపం కావాలంటే 6.0 వెర్షన్ ఉండాలి, ఆ కలెక్షన్‌కి ఆ సౌకర్యం ఆన్ చేసి ఉండాలి.

మొదటిసారి మొత్తం తెచ్చేటప్పుడు మెమరీ సంగతి చూసుకోండి. మైఎస్‌క్యూఎల్ జేడీబీసీ డ్రైవర్ (జావా ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌కి కలిపేది) ఊరకే వదిలేస్తే క్వెరీ ఫలితం మొత్తాన్ని మెమరీలోకి లాగుతుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ ఫెచ్ సైజ్ ఇచ్చినా సరే, ఆటోకమిట్ (ప్రతి కమాండ్‌నూ వెంటనే ఖాయం చేసే సెట్టింగ్) ఆఫ్ చెయ్యకపోతే అదే పని చేస్తుంది.

ఒకే పేరు, వేరే విలువ

ఒరాకిల్‌లో ఖాళీ టెక్స్ట్ అంటే నల్, అంటే విలువే లేదని. మిగతా డేటాబేస్‌లలో ఖాళీ వేరు, నల్ వేరు. వెబ్‌సైటులో ఇంటిపేరు ఖాళీగా ఉన్న కస్టమరూ, అకౌంట్స్‌లో నల్‌గా ఉన్న అదే కస్టమరూ జాయిన్‌లో కలవరు. స్టేజింగ్‌లో (రా లేయర్ తర్వాతి, శుభ్రం చేసే లేయర్) ఖాళీలన్నిటినీ నల్ చెయ్యాలని ఒకే నియమం పెట్టుకోండి, జాయిన్‌లో రెండు నల్‌లను సమానంగా చూడమని విడిగా రాయండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఐటమ్ కోడ్ పెద్దక్షరాల్లో ఉన్నా చిన్నక్షరాల్లో ఉన్నా, చివర స్పేసు ఉన్నా మామూలు కొలేషన్‌లో (అక్షరాలు పోల్చే నియమాల్లో) సమానమే. పోస్ట్‌గ్రెస్‌లో అవి మూడు వేర్వేరు కోడ్‌లు. సోర్సులో బ్రహ్మాండంగా నడిచిన జాయిన్ వేర్‌హౌస్‌లో రోలు పోగొట్టేది ఇందువల్లే.

మైఎస్‌క్యూఎల్‌లో వెడల్పు ఒకటిగా రాసిన టైనీఇంట్ (చిన్న పూర్ణాంకాల) కాలమ్‌ను జావా డ్రైవర్ బూలియన్ అనుకుంటుంది. ఆర్డర్ స్టేటస్ 0, 1, 2, 3 అని ఆ కాలమ్‌లో ఉంటే, మన దగ్గరికి వచ్చేసరికి అవును, కాదు అనే రెండే మిగులుతాయి. క్యాన్సిల్ అయిన ఆర్డరూ డెలివరీ అయిన ఆర్డరూ ఒకటైపోతాయి. కనెక్షన్ సెట్టింగులో ఒక్క మార్పుతో పోతుంది, కానీ ఉందని తెలియాలి కదా. పాత మైఎస్‌క్యూఎల్‌లో అన్నీ సున్నాలే ఉన్న తేదీలు కూడా దొరుకుతాయి, వాటికి నల్ తప్ప దారి లేదు.

డబ్బును ఎక్కడా ఫ్లోట్‌గా (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) ఉంచొద్దు. మాంగోలో ధర కొన్ని డాక్యుమెంట్లలో డబుల్‌గా (ఇదీ ఫ్లోట్ రకమే), కొన్నిట్లో "1,20,000" అనే టెక్స్ట్‌గా ఉండటం మామూలే. యాప్ వెర్షన్ మారినప్పుడల్లా ఒక కొత్త రకం చేరుతుంది. నమూనాకు వెయ్యి డాక్యుమెంట్లు చూసి సరిపెట్టుకోకుండా, కలెక్షన్ మొత్తం మీద ఒక్కో ఫీల్డు ఏ ఏ రకాల్లో ఎన్నిసార్లు ఉందో లెక్క తీయాలి. డెబీజియం దశాంశ సంఖ్యల్ని డిఫాల్ట్‌గా బైట్లుగా పంపుతుంది, జేసన్‌లో చూస్తే అర్థంకాని అక్షరాల్లా కనిపిస్తాయి. దాన్ని డబుల్‌కి మార్చుకోవాలనిపిస్తుంది. టెక్స్ట్‌కి మార్చుకుని, వేర్‌హౌస్‌లో న్యూమరిక్ (ఖచ్చితమైన దశాంశ రకం) చెయ్యండి.

అయిదున్నర గంటలు

మాంగో తేదీని యూటీసీలో (భారత కాలమానం కంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) దాస్తుంది. వెబ్‌సైటువాళ్ల మైఎస్‌క్యూఎల్ డేట్‌టైమ్ కాలమ్‌లో ఏ జోన్ అన్న సమాచారమే ఉండదు, రాసినవాళ్లు భారత కాలమానం రాసి ఉంటారు. ఒరాకిల్‌లో డేట్ అని పేరున్నదాంట్లో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి.

యూటీసీ తేదీ మీద రోజువారీ అమ్మకం తీస్తే, అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదున్నర దాకా వచ్చిన ఆర్డర్లు ముందు రోజులో పడతాయి. షోరూములు రాత్రి పదికే మూస్తారు కాబట్టి, అదే తప్పు చేసినా వాటి రోజు మారదు. అందుకే షోరూముల అంకె అకౌంట్స్‌తో కలుస్తుంది, యాప్ అంకె మాత్రం కలవదు, అందరూ యాప్ టీమ్‌ని అనుమానిస్తారు. ఏప్రిల్ 1 రాత్రి ఒంటిగంటకు వచ్చిన ఆర్డరు పాత ఆర్థిక సంవత్సరంలోకి పోవడం దీని ఘోరమైన రూపం. తేడా సరిగ్గా పదకొండు గంటలు కనిపిస్తే రెండుసార్లు మార్చారని అర్థం, ఒకసారి డ్రైవర్, ఒకసారి మన కోడ్.

వేర్‌హౌస్‌లో అసలు క్షణాన్ని టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్‌గా ఉంచి, పక్కనే "వ్యాపార తేదీ" అని భారత కాలమానంలో లెక్కకట్టిన ఇంకో కాలమ్ పెట్టండి. రిపోర్టులన్నీ ఆ తేదీ మీదే. డాలస్ నుంచి ఆవకాయ ఆర్డర్ చేసే కస్టమర్లుంటే వాళ్ల స్థానిక సమయానికి గంటల తేడా దాచితే చాలదు. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారుతుంది, జోన్ పేరే దాచాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్ సెకనులో మూడు వందల వంతుకి గుండ్రం చేస్తుంది. రాత్రి 23:59:59.999 దాకా అని షరతు పెడితే అది మర్నాటి 00:00:00 అయిపోతుంది, మర్నాడు సరిగ్గా అర్ధరాత్రి పడిన రోలు కూడా వచ్చేస్తాయి. తేదీ ఒక్కటే నింపే టేబుళ్లలో ప్రతి రో అర్ధరాత్రిదే కాబట్టి రోజంతా రెండుసార్లు లెక్కకొస్తుంది. ఎప్పుడూ "మర్నాటి కంటే తక్కువ" అనే రాయండి.

తెలుగు అక్షరాలు

యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు, అంటే అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు లాంటి ఒక్కోదానికి, 3 బైట్లు పడుతుంది. ఒరాకిల్‌లో పేరు కాలమ్ పొడవు 30 అని ఉంటే, డిఫాల్ట్‌గా అది 30 బైట్లు, అంటే 10 కోడ్‌పాయింట్లు. "వెంకటేశ్వర్లు" అనే పేరులో గుణింతాలూ వొత్తులూ విడివిడిగా లెక్కపెడితే 13 ఉంటాయి. పట్టదు. కాలమ్ పొడవును క్యారెక్టర్లలో ప్రకటించుకోవాలి.

మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని ఏళ్లుగా పిలిచినది నిజానికి 3 బైట్ల దాకానే పడుతుంది. తెలుగు చక్కగా పడుతుంది, టెస్టింగ్‌లో అంతా బాగుంటుంది. రివ్యూలో ఎవరో ఒక నవ్వు బొమ్మ పెడతారు, అది 4 బైట్లు, అక్కడ లోడ్ విరుగుతుంది. 4 బైట్ల రకానికి మార్చుకోవాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ (టెక్స్ట్) కాలమ్‌లో తెలుగు వేస్తే ప్రశ్నార్థకాలుగా మారుతుంది. అది పోయినట్టే, తిరిగి రాదు. అదే తలమీద గీతతో చిన్న "ఎ", పక్కన డిగ్రీ గుర్తు వరుసగా కనిపిస్తే సంతోషించండి. యూటీఎఫ్-8 బైట్లను లాటిన్ అనుకుని చదివారంతే, బైట్లు క్షేమంగానే ఉన్నాయి, వెనక్కి తిప్పొచ్చు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు వేరే జాతి. అందులో ఉన్నది తెలుగే కాదు, తెలుగు బొమ్మలు తొడిగిన ఇంగ్లిష్ కోడ్‌లు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చాకే వాటిని ముట్టుకోవాలి.

కంటికి ఒకేలా కనిపించే మాటలు జాయిన్‌లో కలవకపోవడానికి రెండు కారణాలు చూడండి. "కై"లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ దాచొచ్చు, ఎత్వం, కింద ఐత్వపు గుర్తు అని రెండు కోడ్‌లుగానూ దాచొచ్చు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికి ఒకే రూపం ఇచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తే రెండూ ఒకటవుతాయి. ఇక "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. పోల్చడానికి వాడే కీలో దాన్ని తీసెయ్యండి, చూపించే పేరులో ఉంచండి.

ఎక్సెల్

ఎక్సెల్ 15 అంకెల దాకానే ఖచ్చితంగా ఉంచుతుంది, 16 అంకెల ఆర్డర్ నంబర్లలో చివరిది సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు పోతాయి. 03/04/2024 మార్చి నాలుగో తారీఖో ఏప్రిల్ మూడో తారీఖో కంప్యూటర్ సెట్టింగును బట్టి మారుతుంది. అడుగున "మొత్తం" అనే వరుస ఒకటి ఉంటుంది, దాన్ని తీసెయ్యకపోతే అమ్మకం సరిగ్గా రెట్టింపు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలు 65,536 వరుసల దగ్గర ఆగిపోతుంది. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయింది ఈ పాత ఫార్మాట్ పరిమితి వల్లే. సప్లయర్లకు టెంప్లేటు ఇచ్చి, కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గా పెట్టి, హెడర్ ఒక్క అక్షరం మారినా ఫైలును తిప్పి పంపండి. మొహమాటపడితే ప్రతి నెలా మనమే దిద్దుకోవాలి.

ఈ ఇద్దరూ ఒకరేనా

అసలు కష్టం ఇక్కడుంది. అయిదు చోట్లా ఉన్న కస్టమర్ ఒక్కడేనని ఎలా తేల్చాలి?

సప్లయర్ల సంగతి తేలిక. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి: మొదటి రెండు రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ గోడౌన్లున్న సప్లయర్‌కి రెండు జీఎస్టీ నంబర్లుంటాయి, మధ్యలోని పది అక్షరాలు మాత్రం ఒకటే. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా కోసి వాటి మీద కలపండి. 28తో మొదలయ్యే నంబర్లు ఉమ్మడి రాష్ట్రం నాటి వ్యాట్ నంబర్లు, వాటిలో పాన్ వెతకొద్దు.

మనుషుల దగ్గర అంత సుఖం లేదు. ఆధార్ నంబరును ఒక వ్యాపార సంస్థ కీలా వాడుకోవడం చట్టపరంగా చిక్కు, ఆ దారి వదిలెయ్యండి. మిగిలేది మొబైల్. ముందు సున్నా, 91, ప్లస్, స్పేసులు అన్నీ తీసి చివరి పది అంకెలు ఉంచండి, మొదటి అంకె 6 నుంచి 9 లోపు లేకపోతే పక్కన పెట్టండి. అన్నీ ఒకే అంకె ఉన్నవి బిల్లింగ్ కౌంటర్‌లో కొట్టిన దొంగ నంబర్లు. ఒకే నంబరు మీద వందలకొద్దీ బిల్లులుంటే అది షోరూమ్ మేనేజర్‌దై ఉంటుంది. ఇంట్లో నలుగురికీ ఒకే నంబరు ఉండొచ్చు. వాడకం ఆగిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇస్తాయి కాబట్టి, నాలుగేళ్ల కిందటి బిల్లులో ఉన్న నంబరు ఇవాళ్టి మనిషిదే అనుకోవడానికి లేదు. కాబట్టి నంబరు ఒక్కటే కలిస్తే చాలదు, పేరు కూడా దగ్గరగా ఉండాలి.

ఇక మన పేర్లు. అకౌంట్స్‌లో ఇంటిపేరు ముందుంటుంది, యాప్‌లో "లాస్ట్ నేమ్" అడిగారని చివర రాస్తారు, షోరూమ్ బిల్లులో ఇనిషియల్ మాత్రమే కొడతారు. వెంకటేశ్వరరావు ఒక్క మాటగా ఒకచోట, మూడు ముక్కలుగా ఇంకోచోట. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు లక్ష్మిలోని "క్ష"కి ఒకరు ఎక్స్ వాడతారు, ఒకరు కే, ఎస్, హెచ్ వాడతారు. "త"కి కొందరు టీ, కొందరు టీ, హెచ్. సౌండెక్స్ (ఉచ్చారణను బట్టి పేర్లకు కోడ్ ఇచ్చే పద్ధతి) ఇక్కడ పనికిరాదు, అది ఇంగ్లిష్ ఇంటిపేర్ల కోసం చేసినది. మొదటి అక్షరాన్ని ముట్టుకోదు కూడా: ఎల్లయ్యని ఒకరు ఈతో, ఒకరు వైతో రాస్తే దాని లెక్కలో ఇద్దరు మనుషులే.

పనిచేసే పద్ధతి ఇది. పేరును ముక్కలు చేసి, గౌరవ పదాలు తీసేసి, టీ హెచ్‌ని టీగా, డీ హెచ్‌ని డీగా, ఎక్స్‌ని కే ఎస్‌గా, డబ్ల్యూని వీగా, జంట అచ్చుల్ని ఒక్కటిగా మార్చాలి. ముక్కల్ని అక్షరక్రమంలో పేర్చాలి, అప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ పోతుంది. ఒక్క అక్షరం ముక్కలు ఇనిషియళ్లు, అవతలి పేరులో ఆ అక్షరంతో మొదలయ్యే ముక్క ఉంటే కలిసినట్టే. మిగిలినవాటికి జారో వింక్లర్ స్కోరు (రెండు మాటలు ఎంత దగ్గరో చెప్పే అంకె). "రావు", "రెడ్డి", "కుమార్" లాంటి ముక్క కలిస్తే ఇచ్చే బరువు తక్కువ ఉండాలి, అరుదైన ఇంటిపేరు కలిస్తే ఎక్కువ. ఫెల్లెగి, సంటర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1969లో రాసిన సిద్ధాంతం సారాంశం ఇదే, ఇప్పటికీ చాలా పద్ధతులు దాని మీదే నడుస్తున్నాయి. బ్రిటన్ న్యాయ మంత్రిత్వ శాఖ చేసి ఉచితంగా ఇచ్చిన స్ప్లింక్ లైబ్రరీ కూడా ఆ లెక్కే వాడుతుంది.

పది లక్షల మందిని ఒకరితో ఒకరిని పోల్చాలంటే దాదాపు 50,000 కోట్ల జతలవుతాయి. అందుకే ముందు బ్లాకులు చెయ్యాలి: ఒకసారి మొబైల్ చివరి ఆరు అంకెల మీద, ఇంకోసారి పిన్‌కోడ్, పేరులోని పొడుగైన ముక్క కలిపి. ఏదో ఒక బ్లాకులో పక్కపక్కన పడితేనే పోల్చడం.

స్కోరును మూడు భాగాలు చెయ్యండి. పైవి వాటంతటవే కలుస్తాయి, కిందివి కలవవు, మధ్యవి మనిషి చూడాలి. ఎక్కువ మంది తప్పు చేసేది కలిపాక. రెండు రికార్డుల్ని ఒకటి చేసి ఒకదాన్ని తీసేస్తారు. ఆర్నెల్లకు వాళ్లిద్దరూ తండ్రీ కొడుకులని తేలితే ఇక విడదీసే దారి లేదు. సోర్స్, సోర్స్ ఐడీ, మన కస్టమర్ ఐడీ, ఏ నియమం మీద కలిసింది, స్కోరెంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఇలా ఒక లంకె టేబుల్ పెట్టి, కలపడమూ విడదీయడమూ ఆ టేబుల్‌లోనే చెయ్యండి. అసలు రికార్డుల జోలికి పోవద్దు.

జిల్లాలు

తెలుగు రాష్ట్రాల డేటాకి ప్రత్యేకమైన చిక్కు ఇది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు పది జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రప్రదేశ్‌లో 13గా ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు రాష్ట్రమే మారాయి. 2015 నాటి బిల్లులో "వరంగల్" అని ఉంటే అది ఇప్పటి వరంగల్ కాదు, దానికి ఎన్నో రెట్లు పెద్దది.

జిల్లా పేరు మీద జాయిన్ చేస్తే ఏళ్ల మధ్య పోలిక మొత్తం తప్పు. మండలం, గ్రామం స్థాయిలో కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు పట్టుకోండి. మండలం, జిల్లా సంబంధాన్ని "ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు" అనే రెండు తేదీలతో ఒక టేబుల్‌లో ఉంచండి. రిపోర్టు అడిగినవాళ్లను "అప్పటి జిల్లాల ప్రకారమా, ఇప్పటి జిల్లాల ప్రకారమా" అని తప్పకుండా అడగండి. పిన్‌కోడ్‌ని బట్టి జిల్లా తేల్చొద్దు, తపాలా సరిహద్దులు జిల్లా సరిహద్దులతో కలవవు. బండి నంబరుని బట్టి రాష్ట్రం కూడా వద్దు: 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీజీ, అంతకుముందువి టీఎస్, 2014కి ముందువి ఏపీ, మూడూ ఒకే వీధిలో తిరుగుతుంటాయి.

లెక్క సరిచూడటం

ప్రతి లోడ్ తర్వాత సోర్స్‌లోనూ వేర్‌హౌస్‌లోనూ రోజువారీగా రోల సంఖ్య, డబ్బు కాలమ్ మొత్తం, ఎన్ని నల్‌లు, ఈ మూడూ తీసి పక్కపక్కన పెట్టండి. రెండు వైపులా ఒకే కటాఫ్ సమయం ఉండాలి, లేకపోతే తేడా ఎప్పుడూ ఉంటుంది, కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు. రోల హ్యాష్ (రో మొత్తాన్ని ఒక చిన్న కోడ్‌గా మార్చినది) పోల్చేటప్పుడు కాలమ్‌ల మధ్య ఒక గుర్తు పెట్టండి. పెట్టకపోతే "12" పక్కన "3", "1" పక్కన "23" రెండూ ఒకే హ్యాష్ ఇస్తాయి.

సోర్స్‌తో కలిసినంత మాత్రాన సోర్సులు ఒకదానితో ఒకటి కలుస్తాయని కాదు. వెబ్‌సైటుకి ఆర్డరు పెట్టగానే అమ్మకం. యాప్‌కి డెలివరీ అయితేనే. షోరూమ్ బిల్లులో జీఎస్టీ కలిసి ఉంటుంది, అకౌంట్స్‌లో పన్ను తీసేసి, వాపసులు పోను ఉంటుంది. ఒకే "అమ్మకం" కాలమ్‌లో ఈ నాలుగింటినీ కూడొద్దు. ఆర్డర్ విలువ, బిల్లు విలువ, పన్ను, వాపసు, నికరం అని విడివిడి కాలమ్‌లు పెట్టి, ఏ సోర్సు ఏది ఇవ్వగలదో అదే నింపండి. ఇవ్వలేనివి నల్‌గా వదిలెయ్యండి, సున్నా వెయ్యొద్దు.

షోరూమ్‌కీ అకౌంట్స్‌కీ తేడా వస్తే ముందు రెండింటి నిష్పత్తి చూడండి. 1.05, 1.18 దగ్గర ఆగితే పన్ను ఒకవైపు మిగిలిపోయింది. పాత నెలల్లో మాత్రమే తేడా ఉంటే, ఎవరో పన్నును ఇప్పటి రేట్ల టేబుల్ నుంచి లెక్కకట్టారు: 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకులు చాలావరకు 5, 18లోకి మారాయి, అంతకుముందు బిల్లులకు ఆ రేటు వర్తించదు. బిల్లు వరుసలో ఆ రోజు పడిన పన్ను మొత్తాన్నే తెచ్చుకోవాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని వరుసవారీగా దాచకపోతే, రేట్ల టేబుల్‌కి కూడా జిల్లాల టేబుల్‌కి పెట్టినట్టే రెండు తేదీలు పెట్టి, బిల్లు తేదీ మీద జాయిన్ చెయ్యండి.